యంత్ర వేగం – దేహ వేగం

అది 2019వ సంవత్సరం, మే మాసం. దిల్‌సుఖ్‌నగర్‌లో అస్వస్థులై ఉన్న మా వదినగారిని చూచి, నేనూ మా శ్రీమతీ మెట్రో రైలులో మియాపూరుకు తిరిగి వచ్చాము. ఇల్లు చేరగానే ఆమె కుర్చీలో కూలబడి, "తల దిమ్ముగా ఉందండీ" అన్నది. నేను ఆదరాబాదరాగా బీపీ మిషను తెచ్చి, ఆమె చేతికి పట్టీ చుట్టి, మీట నొక్కాను. అది బుసబుసలాడి, తెర మీద 168/98 అని చూపింది.

నా గుండె ఝల్లుమన్నది. ఉదయం వేసుకున్న మాత్ర చాలలేదని నిశ్చయించుకొని, మరొక మాత్ర తీసి చేతికిచ్చాను. ఆమె దానిని పుచ్చుకోలేదు.

"ఆ మాత్ర సంగతి తరువాత చూద్దాం. ముందు నన్ను బాత్రూముకు వెళ్ళనివ్వండి. మధ్యాహ్నం నుండీ ఆపుకొని ఉన్నాను. తలుపు తాళం తీస్తున్నప్పటి నుండీ చెబుతూనే ఉన్నాను. మీరు నా మాట వినకుండా ఆ మిషను కోసం పరుగెత్తారు" అన్నది.

ఆమె వెళ్ళివచ్చి, ఒక గ్లాసు మంచినీళ్ళు త్రాగి, పావుగంట సేపు కళ్ళు మూసుకొని కూర్చున్నది. మళ్ళీ చూస్తే 138/84. ఆ మాత్ర మ్రింగి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఈనాటికీ నాకు భయం వేస్తుంది. మిషను అబద్ధం చెప్పలేదు. నిండిన మూత్రాశయమూ, మెట్లెక్కిన ఆయాసమూ, ఆందోళనా కలసి పెంచిన ఒత్తిడినే అది చూపింది. తప్పంతా మనిషి మాట వినిపించుకోకుండా యంత్రం మాట మాత్రమే విన్న నాది.

యంత్రాల నడుమ జీవించక తప్పని ఈ కాలంలో మన దేహ ధర్మాన్ని ఎలా కాపాడుకోవాలో, నాకు కలిగిన అనుభవాన్ని ఆధారం చేసుకొని పాఠకులకు మనవి చేయాలన్నదే ఈ వ్యాస ఉద్దేశం.

వైద్యులు వేసిన ఒకే ఒక ప్రశ్న

అంతకు ముందు ఆరు నెలల్లో మా శ్రీమతికి మూడు పర్యాయాలు మూత్రంలో మంట వచ్చింది. ప్రతిసారీ పరీక్ష చేయించి, డాక్టరుగారు వ్రాసిన మందులు పూర్తిగా వాడించాము. తగ్గేది, కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చేది. బీపీ సంఘటన జరిగిన వారానికే మా పేటలోని ఒక వృద్ధ ఆయుర్వేద వైద్యుల వద్దకు ఆమెను తీసుకువెళ్ళాను. వారు నాడి చూచి, పాత రిపోర్టులన్నీ ఓపికగా చదివి, ఒకే ఒక ప్రశ్న వేశారు.

"అమ్మా! మీరు ఇంటి నుండి బయలుదేరే రోజున మంచినీళ్ళు త్రాగుతారా?"

ఆమె తల దించుకున్నది. "త్రాగనండీ. ప్రొద్దున్న కాఫీ తరువాత మళ్ళీ ఇల్లు చేరేదాకా గ్రుక్కెడు నీళ్ళు ముట్టను. నాకు ఆ స్టేషనులో గేట్లంటే భయం. కార్డు సరిగ్గా పెట్టకపోతే తెరుచుకోదు, కీ మని అరుస్తుంది, వెనుక జనం నిలబడిపోతారు. ఆ కదిలే మెట్లంటే మరీ భయం. నీళ్ళు త్రాగితే నడుమ ఎక్కడో దిగి, మళ్ళీ అవన్నీ దాటాలి కదా! అందుకని..." అని ఆగిపోయింది.

ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో నాకు తెలియని విషయం ఇది. ఆ భయంలో నా వాటా కూడా ఉన్నదని నాకు అక్కడే తట్టింది. ప్రతి ప్రయాణంలోనూ, "త్వరగా రా, రైలు మన కోసం ఆగదు" అని ఆమెను తొందరపెట్టినవాడిని నేనే. ఒకసారి ఆమె కార్డును తలక్రిందులుగా పట్టుకొంటే నలుగురిలో నవ్వినవాడినీ నేనే.

మియాపూరు ఒకనాడు ముంబయి రహదారి ప్రక్కన నగరపు పొలిమేర. 2017 నవంబరు 28న ప్రధానమంత్రి హైదరాబాదు మెట్రోను ప్రారంభించినది ఈ స్టేషనులోనే. మరునాటి నుండి మియాపూరు–నాగోలు నడుమ 30 కిలోమీటర్ల దారిలో ప్రజలు ప్రయాణించసాగారు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట–ఎల్బీనగర్ భాగం కూడా తెరవడంతో, ఇక్కడ ఎక్కినవారు దిల్‌సుఖ్‌నగర్‌లో దిగే వీలు కలిగింది. రెండు బస్సులు మారి, దుమ్ము మ్రింగుతూ వెళ్ళే అవస్థ తప్పింది. ఈ రైళ్ళ వేగాన్నీ, వాటి నడుమ ఉండవలసిన దూరాన్నీ రేడియో సంకేతాల ద్వారా కంప్యూటరే నియంత్రిస్తుంది. 2022 నుండి సెల్‌ఫోనులోని వాట్సాప్ ద్వారానే టికెట్టు కొనే సదుపాయమూ వచ్చింది. ఇవన్నీ మేలు చేసేవే. నేను యంత్ర ద్వేషిని కాను. అయితే యంత్రం తన వేగంతో తాను నడుస్తుంది. దానితో సమంగా నడవబోయి మనం మన వేగాలను అణచుకొంటున్నాము. చిక్కంతా అక్కడే ఉన్నది.

పదమూడు వేగాలు

"వేగం" అనే మాటను మనం పరుగు అనే అర్థంలో వాడుతున్నాము. ఆయుర్వేదంలో దీనికి వేరొక అర్థం ఉన్నది. దేహంలో సహజంగా పుట్టి, బయటపడవలసిన ప్రేరణకు వేగమని పేరు. చరక సంహిత సూత్రస్థానంలోని ఏడవ అధ్యాయం ఈ విషయాన్నే చెబుతుంది. మూత్రం, మలం, శుక్రం, అపానవాయువు, వాంతి, తుమ్ము, త్రేనుపు, ఆవులింత, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర, శ్రమ వలన కలిగే ఆయాసపు శ్వాస – ఈ పదమూడు వేగాలను బలవంతంగా ఆపరాదని చరకుడు నిర్దేశించాడు. వీటిని ఆపడం వలన కలిగే బాధలనూ, వాటి చికిత్సలనూ విడివిడిగా వివరించాడు.

మూత్ర వేగాన్ని ఆపితే పొత్తికడుపులో నొప్పి, మూత్రం కష్టంగా రావడం, తలనొప్పి కలుగుతాయని అందులో ఉన్నది. దప్పికను ఆపితే గొంతు, నోరు ఎండిపోవడం, బడలిక, గుండెలో నొప్పి కలుగుతాయట. మా శ్రీమతి ఈ రెండు వేగాలనూ ఒకేసారి ఆపుకొంటూ వచ్చింది. ఆధునిక వైద్యమూ ఈ విషయంలో విభేదించదు. నీరు తగినంత త్రాగి, ఎప్పటికప్పుడు మూత్రం విసర్జిస్తుంటే, మూత్రమార్గంలో చేరిన సూక్ష్మక్రిములు కొట్టుకొనిపోతాయి. నీరు తగ్గించి, మూత్రాన్ని గంటల తరబడి ఆపుకొంటే అవి నిలిచి వృద్ధి చెందే అవకాశం ఎక్కువ. స్త్రీలలో మూత్రనాళం పొట్టిగా ఉండడం చేత ఈ బాధ వారికే అధికంగా వస్తుంది.

అదే అధ్యాయంలో చరకుడు మరొక జాబితా కూడా ఇచ్చాడు. అవి తప్పక అదుపులో ఉంచుకోవలసిన వేగాలు. లోభం, శోకం, భయం, క్రోధం, అహంకారం, ఈర్ష్య మొదలైనవి అందులోనివి. ఇప్పుడు మనం యంత్రాల ముందు ఎలా ప్రవర్తిస్తున్నామో ఆలోచించండి. ఆపకూడని దప్పికనూ, మూత్రాన్నీ, ఆకలినీ, నిద్రనూ ఆపుకొంటున్నాము. ఆపవలసిన భయాన్నీ, క్రోధాన్నీ విచ్చలవిడిగా వదలుతున్నాము. శాస్త్రం చెప్పినదానికి ఇది పూర్తిగా తలక్రిందులు.

యంత్రమంటే బెరుకు ఎందుకు?

"ప్రాణం లేని గేటును చూచి సిగ్గుపడడమేమిటి?" అని నేను మొదట్లో అనుకునేవాడిని. ఇది చదువులేనివారి బలహీనత కాదని తరువాత తెలుసుకున్నాను. అమెరికాలో ఎం.ఐ.టి. విద్యాసంస్థకు చెందిన జోసెఫ్ వైజెన్‌బామ్ 1966లో ఎలిజా అనే కంప్యూటరు ప్రోగ్రామును ప్రకటించాడు. మనం టైపు చేసిన మాటనే కొంచెం మార్చి, తిరిగి ప్రశ్నగా వేయడం తప్ప దానికి మరేమీ తెలియదు. దాని తయారీని నెలల తరబడి చూస్తూ వచ్చిన ఆయన కార్యదర్శే, దానితో మాట్లాడుతూ, తనను ఏకాంతంగా వదలి గది బయటకు వెళ్ళమని ఆయనను కోరిందట. తానెంత ఆశ్చర్యపోయినదీ ఆయన తరువాతి కాలంలో తన గ్రంథంలో వ్రాసుకొన్నాడు. బైరన్ రీవ్స్, క్లిఫర్డ్ నాస్ అనే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యులు కూడా 1996లో వెలువరించిన గ్రంథంలో, మనుషులు తమకు తెలియకుండానే కంప్యూటర్ల పట్ల సాటి మనిషి పట్ల చూపే మర్యాదనే చూపుతారని ప్రయోగపూర్వకంగా నిరూపించారు.

బదులు పలికే దేనినైనా మనసు మనిషిగానే భావిస్తుంది. కనుక గేటు అరిస్తే ఎవరో గదమాయించినట్లే ఉంటుంది. పెద్దవయసువారు అలా బెదరితే నవ్వడం తగదు. ప్రక్కన నిలబడి, "నెమ్మదిగా పెట్టు, తొందరేమీ లేదు" అంటే సగం భయం అక్కడే పోతుంది.

తెర ముందు కూర్చునేవారికి

మా అబ్బాయి హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. మా ఆవిడ గేటుకు భయపడి నీళ్ళు మానితే, అతడు తెర మీది పని మీద మమకారంతో అన్నం మానుతున్నాడు. భయమైనా మమకారమైనా, దేహానికి కలిగే నష్టం ఒకటే. "ఈ ఒక్కటీ పూర్తిచేసి వస్తానమ్మా" అంటాడు. ఆకలి వేసి, చచ్చిపోయిన తరువాత వస్తాడు. ఆకలి వేగాన్ని ఆపితే నీరసం, ఒళ్ళు నొప్పులు, అరుచి, తల తిరగడం కలుగుతాయని శాస్త్రం. రాత్రి డ్యూటీలో నిద్రను ఆపితే ఆవులింతలు, తలభారం, కళ్ళు బరువెక్కడం అనుభవమే కదా!

రెప్పపాటు ఆ పదమూడు వేగాల జాబితాలో లేదు. అయినా ఈ రోజులలో మనం మిక్కిలి ఎక్కువగా అణచుకొంటున్నది దానినేనేమో! సాధారణంగా నిమిషానికి పదిహేను ఇరవై సార్లు వాలే రెప్పలు, తెరను తదేకంగా చూస్తున్నప్పుడు అందులో సగానికి, ఒక్కొక్కప్పుడు అంతకంటె తక్కువకు పడిపోతాయి. కన్నీటి పొర ఆరిపోయి కళ్ళు మండుతాయి, ఎర్రబడతాయి. ఇరవై నిమిషాలకొకసారి తెర నుండి చూపు మరల్చి, ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్ల పాటు చూస్తూ, రెప్పలను నిదానంగా పదిసార్లు ఆర్పడం మంచిది. తేనె, ఆకుపసర్లు వంటివి వైద్యుని సలహా లేకుండా కంటిలో ఎన్నడూ వేయరాదు.

ఆపవలసిన వేగం

ఇక నా సంగతి. నేను ఒక కార్యాలయానికి ఫోను చేశాను. "ఇందుకు ఒకటి నొక్కండి, అందుకు రెండు నొక్కండి" అంటూ రికార్డు చేసిన గొంతు పలికింది. నొక్కుతూ నొక్కుతూ ఇరవై నిమిషాల తరువాత మళ్ళీ మొదటికే వచ్చాను. కోపం పట్టలేక ఫోను విసిరి, అప్పుడే మజ్జిగ తెచ్చిన మా ఆవిడ మీద కేకలు వేశాను. యంత్రానికి నా కోపం తగలదు. అది ఇంట్లోని మనిషికే తగిలింది, నా రక్తనాళాలకు తగిలింది.

ఇప్పుడొక నియమం పెట్టుకున్నాను. అటువంటి ఫోను చేసే ముందు మంచినీళ్ళు ప్రక్కన పెట్టుకొని కూర్చుంటాను. కాగితం మీద నంబర్లు వ్రాసుకొంటాను. రెండుసార్లు ప్రయత్నించి, ఫలించకపోతే ఆనాటికి మానుకొని, మరునాడు స్వయంగా వెళతాను. పది దీర్ఘశ్వాసలు తీసి విడిచిన తరువాతనే ఇంట్లో వారితో మాట్లాడతాను.

బీపీ మిషనును వాడే పద్ధతి

చేతికి పట్టీ చుట్టి రక్తపుపోటును కొలిచే సాధనాన్ని ఇటలీ వైద్యుడు రివా రోచి 1896లో రూపొందించాడు. స్టెతస్కోపుతో శబ్దాలు విని రెండు అంకెలనూ గుర్తించే పద్ధతిని రష్యా వైద్యుడు కొరట్కాఫ్ 1905లో తెలిపాడు. నేడు మన ఇళ్ళలోని మిషను మీట నొక్కితే తానే కొలుస్తుంది. అయితే ఈ నియమాలు పాటించినప్పుడే దాని అంకె నమ్మదగినది:

1. ముందుగా మూత్ర విసర్జన చేసి రావాలి. నిండిన మూత్రాశయం ఒక్కటే పై అంకెను పది పదిహేను వరకు పెంచగలదు.

2. కాఫీ, టీ, పొగ, వ్యాయామం అయిన అరగంట వరకు చూడరాదు.

3. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు మోపి, కాలి మీద కాలు వేసుకోకుండా, కనీసం ఐదు నిమిషాలు విశ్రాంతిగా కూర్చోవాలి.

4. పట్టీని దుస్తుల మీద కాక, చర్మం మీదనే చుట్టాలి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఆనాలి. మాట్లాడరాదు.

5. ఒక నిమిషం వ్యవధితో రెండుసార్లు చూచి, తేదీతో సహా వ్రాసుకోవాలి.

ఒక్క అంకెను చూచి మాత్రలు పెంచడం, తగ్గించడం, మానడం ప్రమాదకరం. ఆ నిర్ణయం డాక్టరుగారిదే. అయితే 180/120 దాటి, ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడడం, కాలుచేతులలో పట్టు తప్పడం వంటివి కనిపిస్తే, ఇంటి వైద్యంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఇంటిలోనే చేసుకోదగినవి

ధనియాల నీరు: ఒక చెంచా ధనియాలను కచ్చాపచ్చాగా దంచి, గ్లాసు నీటిలో రాత్రి నానవేసి, ఉదయం వడగట్టి త్రాగాలి. దప్పికకూ, మంటకూ హితం. కొద్దిగా పటికబెల్లం కలుపుకోవచ్చు. మధుమేహం ఉన్నవారు కలపరాదు.

బార్లీ నీళ్ళు: రెండు చెంచాల బార్లీ గింజలను నాలుగు గ్లాసుల నీటిలో మెత్తబడేవరకు కాచి, వడగట్టి, గోరువెచ్చగా రోజుకు రెండు పర్యాయాలు త్రాగాలి.

పలుచని మజ్జిగ: ఎండలో తిరిగి వచ్చినవారు చిటికెడు జీలకర్ర పొడి కలిపి సేవించాలి. బీపీ ఉన్నవారు ఉప్పు వేసుకోరాదు.

పాదాభ్యంగం: నిద్రపోయే ముందు నువ్వుల నూనెను గోరువెచ్చగా చేసి అరికాళ్ళకు ఐదు నిమిషాలు మర్దన చేయాలి. నిద్రకూ, కళ్ళకూ మేలని పెద్దల మాట. తరువాత పాదాలు తుడుచుకోకపోతే నేల మీద జారే ప్రమాదం ఉన్నది.

జ్వరం, వణుకు, నడుము ప్రక్కల నొప్పి, మూత్రంలో రక్తం ఉన్నవారు, గర్భిణులు, మధుమేహ రోగులు మూత్రంలో మంటను ఇంటి చికిత్సలతో నెట్టుకురాకూడదు. వెంటనే పరీక్ష చేయించుకోవాలి. గుండె, మూత్రపిండాల జబ్బులతో నీటి పరిమాణం తగ్గించమని చెప్పబడినవారు డాక్టరును అడిగే ఇవన్నీ వాడాలి.

అన్నిటికంటె గొప్ప యంత్రం

"యమ్" అనే ధాతువు నుండి పుట్టినది "యంత్రం" అనే మాట. అదుపు చేసేది అని దానికి అర్థం. సుశ్రుత సంహితలో శస్త్ర వైద్యునికి ఉపకరించే యంత్రాలను నూట ఒకటిగా లెక్కించి, ఆరు తెగలుగా విభజించారు. అందులో ఒక గొప్ప మాట ఉన్నది. ఈ యంత్రాలన్నిటిలో ప్రధానమైనది మనిషి చేయి. ఎందుచేతనంటే, చేయి లేనిదే తక్కిన ఏ యంత్రమూ పనిచేయదు. యంత్రం చేతికి లోబడి ఉండాలే గాని, చేయి యంత్రానికి లోబడరాదన్న హెచ్చరిక నాకు ఇందులో వినిపించింది.

వైద్యులు మా శ్రీమతికి పెద్ద మందులేవీ ఇవ్వలేదు. "నీళ్ళు త్రాగి బయలుదేరండి. స్టేషనులో అవసరమైతే అడగండి. రైలు పోతే ఇంకొకటి వస్తుంది" అన్నారు. తరువాతి ఆదివారం మేము రద్దీ లేని వేళ చూసుకొని బయలుదేరాము. ఇంటి వద్దనే ఆమె నిండుగా నీళ్ళు త్రాగింది. గేటు దగ్గర నేను మాట్లాడకుండా, ఆమె మోచేతి క్రింద చేయి ఆనించి నిలబడ్డాను. మొదటిసారి కార్డు సరిగ్గా పడలేదు. వెనుకనున్న కుర్రవాడు, "పరవాలేదమ్మా, నిదానంగా పెట్టండి" అన్నాడు. రెండవసారి గేటు తెరుచుకున్నది. కదిలే మెట్లను విడిచి లిఫ్టులో పైకి వెళ్ళాము. ఆలోగా ఒక రైలు వెళ్ళిపోయింది. పోనిచ్చాము.

అటుపిమ్మట ఒక సంవత్సరం పాటు ఆమెకు మూత్రంలో మంట రాలేదు. ఈనాడు ఆమె సెల్‌ఫోనులో టికెట్టు తీసుకొని, ఒంటరిగా అక్కగారి ఇంటికి వెళ్ళివస్తున్నది. తిరిగి వచ్చినప్పుడు నేను బీపీ మిషను బయటకు తీయను. ముందు మంచినీళ్ళ గ్లాసు అందిస్తాను. "ప్రయాణం ఎలా ఉంది?" అని అడిగి, ఆమె చెప్పేదంతా వింటాను.